మా వాడ ముచ్చట్లు - 14: దయ్యాన్ని చూపిస్తరు, కులాన్ని దాస్తరు



ఇయ్యాల సినిమా గురించి రాస్తున్న. "అన్నా, సినిమాలతోని నీకేం పని?" అని కామెంట్ పెట్టేటోళ్లు జర ఓపిక పట్టుండ్రి.

పోయిన ఆదివారం మా గొల్లపల్లిల నలుగురు పోరగాళ్లు ఇంటికొచ్చిండ్రు. డిగ్రీ అయిపోయి ఖాళీగ ఉన్నోళ్లు. ఇద్దరు మా వాడ, ఇద్దరు ఊరు. కెమెరా కిరాయికి తెచ్చి గంటసేపు సినిమా తీస్తరట. "హారర్, లవ్, కామెడీ మూడు కలుపుతం అన్నా. యాభై వేలు దాటనీయం" అన్నరు. స్క్రిప్టు చేతిల పెట్టిండ్రు.

చదివిన. చాన తావుల నవ్వొచ్చింది, అబద్ధమెందుకు. ఒక పాత గడీ. దాంట్ల దొర బిడ్డ దయ్యమై తిరుగుతది. హీరో, హీరోయిన్, ఇద్దరు దోస్తులు రాత్రి అండ్ల ఇరుక్కుంటరు. దయ్యాన్ని వెళ్లగొట్టనీకి ఒక మంత్రగాడు వస్తడు. ఎక్కడికెళ్లి వస్తడు? వాడకెళ్లి. నల్లగ ఉంటడు, తాగి ఉంటడు, జేబుల నిండ నిమ్మకాయలు. ఊరోళ్లు వాన్ని చెట్టుకు కట్టేసి కొడ్తరు. ఆ సీను కింద గీత కొట్టి రాసిండ్రు: ఇక్కడ జనం పగలబడి నవ్వాలె.

అక్కడ ఆగిపోయిన.

2022 జనవరి 20న జగిత్యాల టీఆర్ నగర్ల ఏం జరిగింది? ఎరుకలోళ్ల కులసంఘం మీటింగు నడుస్తుండంగ, మంత్రాలు చేస్తున్నరన్న అనుమానంతోని ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను పొడిచి చంపిండ్రు. పట్టపగలు, అందరి ముందట. అది పెద్దకులపోళ్లు చేసిన పని కాదు, మనసొంటి పేదోళ్ల మధ్యనే జరిగింది. అది కూడ చెప్పాలె, దాచొద్దు. గొల్లపల్లిల బస్సెక్కితే జగిత్యాల ఎంతసేపు? ఆ పోరగాళ్లు అప్పుడు ఇంటర్ చదువుతున్నరు. వాట్సాప్ల వీడియోలు చూసినోళ్లే. చూసి కూడ చెట్టుకు కట్టేసే సీను రాసిండ్రు. వాళ్లకు చెడు బుద్ధి ఉండి కాదు. సినిమాల అట్లనే ఉంటదని నేర్చుకున్నరు.

మహారాష్ట్రల నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెల కాల్చి చంపినంక గాని మంత్రతంత్రాల మీద చట్టం రాలే. కర్ణాటక 2017ల చేసుకున్నది. బాణామతి, చేతబడి పేరు మీద ఇన్ని పీనుగులు లేసిన మన తావుల ప్రత్యేక చట్టం లేదు. చట్టం లేని చోట ఒక నవ్వు సీను ఎంత పని చేస్తదో ఆలోచించుండ్రి.

"నీకు కామెడీ అంటే పడదు" అంటరేమో. చిందు భాగోతం చూసుకుంట పెరిగినోన్ని. నవ్వు మా ఇంటి సొత్తు. నా కొట్లాట నవ్వుతోని కాదు, ఎవలను చూపెట్టి నవ్విస్తున్నరన్న దాంతోని.

తెలుగుల ఈ దయ్యం–ప్రేమ–నవ్వు బాటను తక్కువ ఖర్చుల గట్టిగ నడిపించింది 2013ల వచ్చిన 'ప్రేమ కథా చిత్రమ్'. మారుతి నిర్మించిండు, జె. ప్రభాకర్ రెడ్డి డైరెక్టరు. ఒక ఫామ్‌హౌసు, నలుగురు మనుషులు, ఒక దయ్యం. గంతే. సప్తగిరి ఎవలో జనానికి తెలిసింది ఆ సినిమాతోనే. పెద్ద హీరో లేడు, పెద్ద సెట్టు లేదు. మరుసటేడు అంజలి 'గీతాంజలి' వచ్చింది. ఇగ అప్పటికెళ్లి ఆగలే.

నా ప్రశ్న ఇక్కడున్నది. పెద్ద సినిమావోన్ని అడిగితే "వంద కోట్లు పెట్టినం, కులం ముచ్చటెత్తితే మునుగుతం" అంటడు. యాభై వేలతోని తీసేటోనికి ఏం భయం? 2024ల 'ఓం భీమ్ బుష్' వచ్చింది. బూతు జోకులు చాన ఉన్నయి, నాకు నచ్చలే. కాని దయ్యం కథకొచ్చేసరికి ఆడ–మగ అన్న గీత దాటిన ప్రేమను నిలబెట్టిండ్రు. జనం థియేటర్లకెళ్లి లేసిపోలే. అంతకుముందు లారెన్స్ 'కాంచన'ల హిజ్రా దయ్యానికి విజిళ్లు కొట్టింది కూడ ఈ జనమే. అన్నీ మింగుడుపడ్డయి, కులమొక్కటే గొంతుల అడ్డం పడుతదా?

మన భాషల తీస్తే ఎవలు చూస్తరు అనకుండ్రి. మల్యాల మండలం లంబాడిపల్లికెళ్లి గంగవ్వను లోకమంత చూసింది. సిరిసిల్ల వేణు 'బలగం' తీస్తే సావు మీద తీసిన సినిమాకు ఊర్లల్ల తెరలు కట్టుకొని ఏడ్చిండ్రు.

ఇగ ఆ గడీ. మా దిక్కు గడీల దయ్యముంటదని ఎవలకూ చెప్పే పని లేదు. మా నాయనమ్మ గడీ ముందటికెళ్లి చెప్పులు చేతిల పట్టుకొని నడిచేది. ఎట్టికి పోయిన ఆడోళ్లు చీకటి పడంగ ఏడ్చుకుంట తిరిగొచ్చేది. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలల జైత్రయాత్ర జరిగినంక ఆ భయం కొంచెం సడలింది. నెలన్నర తిరగకముందే సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలన్నది. జనం భయం ఇడిస్తే సర్కారుకు భయమైంది. హారర్ కావాల్నంటే ఇంతకన్న ఏముంటది?

పోరగాళ్ల స్క్రిప్టుల దొర బిడ్డ పట్నం పోరన్ని ప్రేమించి సచ్చిపోయిందట. "పట్నం పోరడెందుకురా? గడీల గొడ్లు కాసిన జీతగాడైతే ఏమైతది?" అన్న. నలుగురు మొకాలు మొకాలు చూసుకున్నరు. మిర్యాలగూడల 2018 సెప్టెంబర్ 14న ఏం జరిగిందో అందరికెరుకే. కడుపుతోని ఉన్న భార్య పక్కన, దవఖాన ముందట, దళిత పిలగాన్ని నరికిండ్రు. కోర్టు తీర్పుకు 2025 మార్చి దాక పట్టింది. ప్రేమ, భయం రెండూ అండ్లనే ఉన్నయి. వీళ్లు పట్నందాక ఎతుక్కుంట పోయిండ్రు.

అప్పుడు ఊరి పిలగాడొకడు మెల్లగ అసలు ముచ్చట చెప్పిండు. "జీతగాన్ని పెడితే గడీ షూటింగుకు ఇయ్యరన్నా. కథ అడిగినంకనే తాళం ఇస్తమన్నరు."

యాభై వేల సినిమాకు సెన్సారు లేదనుకున్న. ఉన్నదన్నట్టు. తాళంచెవి రూపంల.

ఆ రాత్రి మా వాడ పిలగాళ్లు ఇద్దరే మళ్ల వచ్చిండ్రు. చెట్టుకు కట్టేసే సీను కొట్టేసిండ్రు. మంత్రగాన్ని ఊర్లెకే మార్చిండ్రు, తెల్లగ, ధోతి కట్టుకొని, ఫీజు గూగుల్ పేల తీసుకుంటడు. నాకు మస్తు నవ్వొచ్చింది. జీతగాని సంగతి మాత్రం తేలలే. గడీ లేకపోతే దయ్యాన్ని ఎక్కడుంచాలె అన్నరు.

మా తాత కట్టిన పెంకుటిల్లు వాడ చివరికి ఖాళీగనే ఉన్నది. సగం కూలింది, గబ్బిలాలు గూడ ఉన్నయి. తాళంచెవి ఇచ్చిన. ఊరి పిలగాళ్లు ఇద్దరు ఆ ఇంట్ల షూటింగుకు వస్తరో రారో ఈ ఆదివారం తెలుస్తది.