పాచికల పద్దు

గత నెల ఈ శీర్షికలో కొలెస్టరాల్ గురించి రాసి, భోజనాల దగ్గర కొందరి కోపానికి గురి అయ్యాము. అందుచేత ఈసారి నెయ్యి జోలికి పోకుండా పాచికల సంగతి రాస్తున్నాము. వైద్యానికీ దీనికీ సంబంధం లేకపోలేదు. అది కాస్త ఆగి చెబుతాము.

1979 జూలైలో మాంటీ కార్లోలో ఒక విచిత్రం జరిగింది. లూయిజీ విల్లా అనే ఇటలీ దేశస్థుడు అప్పుడే బ్యాక్‌గామన్ ఆటలో ప్రపంచ విజేత అయ్యాడు. ఆ వెంటనే ఆయనను ఒక కంప్యూటరు ప్రోగ్రాముకు ఎదురుగా కూర్చోబెట్టారు. పందెం 5,000 డాలర్లు. ప్రోగ్రాము పేరు బి.కె.జి. 9.8. రాసినది పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన హాన్స్ బెర్లినర్. (ఈయన ఉత్తరాల మీద ఆడే చదరంగంలో ఒకనాటి ప్రపంచ విజేత కూడాను.) యంత్రం 7-1 తో గెలిచింది. ఇంకొకరైతే ఆ గెలుపు చెప్పుకుంటూ జీవితాంతం దండలు వేయించుకునేవారు. బెర్లినర్ మాత్రం ఆట ముగిశాక ఎత్తులన్నీ తీరిగ్గా పరిశీలించి, 1980లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఉన్నమాట రాశాడు: బాగా ఆడినది విల్లా, బాగా పాచికలు పడ్డది యంత్రానికి.

"బాగా పడ్డాయి" అని మనమూ అంటాము. పిక్నిక్‌లో పేకముక్కలు పంచిన ప్రతిసారీ వినబడే మాటే అది. కాని ఎంత బాగా? ఒకటిన్నర రెట్లా, రెండు రెట్లా? దానికి తూనికరాయి ఏది? ఈనాటి బ్యాక్‌గామన్ ప్రోగ్రాములు ఆ తూకం వేస్తున్నాయి. ఎలా వేస్తాయో తెలుసుకున్నాక మాకు ఆట కంటే ఆ లెక్కే రుచించింది.

ఆట తెలియని వారికి రెండు ముక్కలు. మన పచ్చీసుకు దూరపు చుట్టం అనుకోండి. బల్ల మీద 24 గడులు, ఒక్కొక్కరికి 15 కాయలు, రెండు పాచికలు. పడిన అంకెల ప్రకారం కాయలను మన ఇంటి ఆరు గడుల్లోకి చేర్చి, అక్కడి నుంచి ఒక్కొక్కటే పండించాలి. ముందుగా అన్నీ పండించినవాడిది గెలుపు. రెండు పాచికల మీదా ఒకే అంకె పడితే జోడీ, దాన్ని నాలుగుసార్లు ఆడవచ్చు. మధ్యలో ఎదుటివాడి ఒంటరి కాయను కొట్టడం, దారి కట్టడం, పందెం రెట్టింపు చేయడం అన్నీ ఉన్నాయి గాని ఈ నెలకు అవి అక్కరలేదు.

రెండు పాచికలు వేస్తే 36 విధాలుగా పడవచ్చు. ప్రోగ్రాము ప్రతి పందెానికీ ముందు ఆ 36 విధాలనూ వరుసగా ఊహించుకుంటుంది. ఒక్కొక్కటి పడితే, దాన్ని ఉత్తమంగా ఆడితే, పరిస్థితి విలువ ఎంత అని లెక్క కట్టి, సగటు తీస్తుంది. ఆ తరువాత నిజంగా పడిన అంకెతో వచ్చే విలువలోంచి ఈ సగటును తీసివేస్తుంది. మిగిలినది అదృష్టం. నేర్పు లెక్క వేరే పుస్తకంలో: ఆడదగిన ఉత్తమమైన ఎత్తు విలువలోంచి మీరు ఆడిన ఎత్తు విలువను తీసివేస్తే వచ్చేది మీ పొరపాటు ఖరీదు. పాచిక పడేదాకా ఒక పద్దు, పడ్డాక మన చేయి కదిలినప్పుడు ఇంకొక పద్దు. ఒకదానిలోది ఇంకొకదానిలోకి పోదు.

ఉదాహరణ చెప్పకపోతే ఇది తలకెక్కదు. సుబ్బారావు, అప్పారావు (ఇద్దరూ కల్పితులే) చెరి 36 డాలర్లు పందెం కాసి ఆడుతున్నారు. ఆట చివరికి వచ్చింది. అప్పారావుకు ఇంకొక్క అవకాశం వస్తే చాలు, తప్పకుండా గెలుస్తాడు. సుబ్బారావుకు మూడు కాయలున్నాయి: ఆరో గడిలో ఒకటి, రెండో గడిలో రెండు. రెండు, ఒకటి పడ్డాయి. రెండుతో ఒక కాయ పండించాడు. ఇంకా ఒకటి ఆడాలి. ఆరో గడిలోది అయిదుకు దించవచ్చు, లేదా రెండో గడిలోది ఒకటికి దించవచ్చు. వచ్చే పందెంలో రెండు కాయలూ ఒక్కసారే పండాలి. లేకపోతే డబ్బు పోయినట్టే.

అయిదు, రెండు గడుల్లో ఉంచితే ఎన్ని విధాలుగా పండుతాయి? ఒక పాచిక మీద అయిదో ఆరో, రెండోదాని మీద రెండుకు తక్కువ కాని వేరే అంకె పడాలి. అలాంటివి 14. జోడీలలో ఒకట్ల జోడీ తప్ప మిగిలిన అయిదూ పనికివస్తాయి. మొత్తం 19. అదే ఆరు, ఒకటి గడుల్లో ఉంచితే? ఆరు ఉన్న పందేలు 11, రెండు నుంచి అయిదు దాకా జోడీలు నాలుగు, మొత్తం 15. అంటే ఆరో గడిలోది దించడమే సరైన ఎత్తు. అలా ఆడితే 36లో 19 సార్లు 36 డాలర్లు వస్తాయి, 17 సార్లు పోతాయి. సగటున సుబ్బారావు చేతిలో రెండు డాలర్ల లాభం ఉన్నట్టు. తప్పు ఎత్తు ఆడితే 15 సార్లు రాక, 21 సార్లు పోక. సగటున ఆరు డాలర్ల నష్టం. రెండింటికీ తేడా ఎనిమిది డాలర్లు. అదీ ఆ పొరపాటు ఖరీదు, పాచికలు ఇంకా గిన్నెలో ఉండగానే.

ఇప్పుడు సుబ్బారావు తప్పు ఎత్తే ఆడాడనుకోండి. ఆరు, ఒకటి గడుల్లో కాయలు. పాచికలు వేశాడు. ఆరు, ఒకటి! రెండూ పండాయి. 36 డాలర్లు జేబులో వేసుకుని, "చూశావా, అందుకే అలా ఉంచాను" అంటాడు. ఆ మాటకు అప్పారావు దగ్గర జవాబు లేదు. ఎందుకంటే, సరిగ్గా ఆడి అయిదు, రెండు గడుల్లో ఉంచి ఉంటే అదే ఆరు, ఒకటికి ఒక్క కాయే పండి సుబ్బారావు ఓడిపోయేవాడు. పక్కన కూర్చుని చూసిన పిల్లవాడు ఆ రోజు తప్పే నేర్చుకుంటాడు.

ప్రోగ్రాము మాత్రం పద్దు ఇలా రాస్తుంది. మొదట చేతిలో ఉన్న విలువ 2. పొరపాటు వల్ల పోయినది 8. అదృష్టం వల్ల వచ్చినది, మైనస్ 6 నుంచి 36 దాకా, 42. రెండులోంచి ఎనిమిది తీసి నలభై రెండు కలపండి. 36. దమ్మిడీతో సహా సరిపోయింది. సరిగ్గా ఆడి ఓడి ఉంటే: చేతిలో 2, పొరపాటు సున్నా, అదృష్టం మైనస్ 38, మొత్తం మైనస్ 36. అదీ సరిపోయింది.

ఇంకొక సొగసు చూడండి. సరైన ఎత్తు ఆడినవాడు గెలిస్తే అతని అదృష్టం 34, ఓడితే దురదృష్టం 38. గెలిచేవి 19, ఓడేవి 17. 19ని 34తో హెచ్చవేస్తే 646. 17ని 38తో హెచ్చవేస్తే కూడా 646. అదృష్టం ఖాతా సగటున ఎప్పుడూ సున్నా. ఒక్క ఆటలో అది ఆకాశానికెత్తవచ్చు, పాతాళానికి తొక్కవచ్చు. వెయ్యి ఆటల్లో ఎవరినీ పోషించదు.

"ఆయనకు ఎప్పుడూ కావలసిన అంకే పడుతుందండీ" అని మంచి ఆటగాళ్ళను చూసి అంటారు. నిజానికి ఆయనకు కావలసిన అంకెలు ఎక్కువ. కాయలను అలా అమర్చుకుంటాడు గనుక 15 విధాలకు బదులు 19 విధాలు పనికివస్తాయి. అందుకే ప్రోగ్రాము లెక్కలో ఆయన గెలుపుకు అదృష్టం 34 అని, చేతకానివాడి గెలుపుకు 42 అని పడుతుంది. అరణ్యపర్వంలో నలుడు ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చుకున్న కథ ఉంది. చెట్టున ఎన్ని కాయలున్నాయో చూసి చెప్పగల రాజే పాచికల మర్మం తెలిసిన రాజు. లెక్కనూ పాచికనూ ఒకే చోట ముడివేసిన ఆ కథకుడికి మేము నమస్కారం పెడతాము.

మా ఉదాహరణలో 36 విధాలూ వేళ్ళ మీద లెక్కించవచ్చు. ఆట మధ్యలో అది కుదరదు. అక్కడ విలువ ఎవరు కడతారు? ఈ చిక్కు విప్పినది ఐ.బి.ఎం.లో పనిచేసిన గెరాల్డ్ టెసారో. 1992లో ఆయన టి.డి.-గామన్ అనే ప్రోగ్రాము తయారుచేశాడు. దానికి పండితుల ఎత్తులు నూరిపోయలేదు. తనతో తానే ఆడుకుంటూ, ప్రతి ఎత్తు తరువాతా తన అంచనాను దిద్దుకుంటూ పోయింది. ఒక దశలో అలా 15 లక్షల ఆటలు ఆడింది. ఆట మొదట్లో రెండు-ఒకటి, నాలుగు-ఒకటి, అయిదు-ఒకటి పడితే ఎలా ఆడాలో పెద్దలు చెప్పిన పాత పద్ధతిని అది కాదంది. చివరికి పెద్దలే మారారు. తరువాత వచ్చిన జెల్లీఫిష్, స్నోయీ, గ్నూ బ్యాక్‌గామన్, ఎక్స్‌ట్రీమ్ గామన్ అన్నీ ఆ కోవలోవే. బాగా సందేహం ఉన్న చోట ఇవి అదే పరిస్థితి నుంచి ఆటను వందల, వేల సార్లు ఆడి చూసుకుంటాయి. అయినా కట్టేది అంచనాయే. అంచనా ఎంత గట్టిదో అదృష్టం లెక్క కూడా అంతే గట్టిది.

ఈ పద్దు వచ్చాక ఆటగాళ్ళ తీరు మారింది. ఒక్కొక్క నిర్ణయానికి సగటున ఎంత పోగొట్టుకున్నారో చూసి, ఎక్స్‌ట్రీమ్ గామన్ దాన్ని 500తో హెచ్చవేసి ఒక అంకె ఇస్తుంది. తక్కువ అయితే మంచిది. ప్రపంచ స్థాయి వారిది అయిదు లోపు. బ్యాక్‌గామన్ మాస్టర్స్ అవార్డింగ్ బాడీ అనే సంస్థ గ్రాండ్ మాస్టరు బిరుదులు ఇచ్చేది ఇలాంటి అంకె చూసే, గెలుపోటములు చూసి కాదు. ఓడిపోయి ఇంటికి వచ్చి, అంకె చూసుకుని హాయిగా నిద్రపోయేవారు ఉన్నారట. కంప్యూటరు పాచికల్లో మోసం చేస్తుందని అనుమానించే వారూ ఉన్నారు. అలాంటి వారి కోసం గ్నూ ప్రోగ్రాములో ఒక ఏర్పాటు ఉంది: మీ ఇంటి పాచికలు మీరే వేసి అంకెలు దానికి చెప్పవచ్చు. అప్పుడు కూడా ఓడిపోతే ఇక తిట్టడానికి పాచికలు మాత్రమే ఉంటాయి.

ఇక మా వృత్తి సంగతి. న్యూయార్క్ రాష్ట్రం 1990 దశకం ఆరంభం నుంచి గుండె బైపాస్ శస్త్రచికిత్సల ఫలితాలు ప్రకటిస్తోంది. ఎంతమంది పోయారన్నది ఒక్కటే కాకుండా, ఆ రోగుల వయసు, జబ్బు తీవ్రత చూసి ఎంతమంది పోతారని ముందే ఎదురుచూడవలసి ఉందో లెక్క కట్టి, రెండూ పక్కపక్కన పెడతారు. పాచిక వేయకముందు సగటు కట్టడం అంటే ఇదే. అయితే అది వందల రోగుల మీద కట్టే లెక్క. ఒక్క రోగి మంచం దగ్గర నిలబడి అంత మాట ఎవరూ చెప్పలేరు.

మాకు తెలిసిన ఒక కుర్ర డాక్టరు ఉన్నాడు, మనవాడే. గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాము. గుండె లయ తప్పి కొట్టుకునే ఒక పెద్దావిడకు రక్తం పలచబరిచే మందు రాశాడు. ఇవ్వకపోతే పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువ, ఇస్తే రక్తస్రావం ప్రమాదం దానికంటే తక్కువ. లెక్క అంతా కాగితం మీద రాసి పెట్టాడు, ఆవిడ కూతురితో మాట్లాడాడు. నెల తిరక్కుండానే ఆవిడకు మెదడులో రక్తస్రావం అయింది. సమీక్షా సమావేశం జరిగింది. మందు ఎందుకిచ్చావని నలుగురూ నాలుగు వైపుల నుంచి అడిగారు. రాసిపెట్టిన లెక్క చదివినవారు ఒక్కరే. అతని తప్పు ఏమీ లేదనే తేల్చారు గాని, ఆ గదిలో కూర్చున్న గంట అతన్ని వదలలేదు. ఆ తరువాత అటువంటి రోగులు ముగ్గురు వస్తే ముగ్గురికీ ఆ మందు ఇవ్వలేదు. ఇవ్వవలసినవారే. ఇంతవరకు ముగ్గురూ బాగానే ఉన్నారు. అందుకని ఏ సమావేశమూ జరగలేదు, జరగదు. ఆ మూడు ఎనిమిది డాలర్లు ఏ పుస్తకంలోనూ పడలేదు.

మొన్న అతన్ని భోజనానికి పిలిచి, సుబ్బారావు, అప్పారావుల కథ చెప్పి, రెండు పాచికలు చేతిలో పెట్టాము. "అన్నయ్యా, ఆ కాగితం నాకివ్వండి" అని పట్టుకుపోయాడు. మందు విషయం మళ్ళీ ఆలోచిస్తానన్నాడు. చూడాలి.

పాఠకులకు ఒక లెక్క. కాయలు రెండు, అయిదో గడిలో ఒకటి, మూడో గడిలో ఒకటి. ఒకటి ఆడాలి. ఎదుటివాడు మళ్ళీ వేస్తే గెలుస్తాడు. అయిదోది దించి నాలుగు, మూడు చేస్తారా, మూడోది దించి అయిదు, రెండు చేస్తారా? చెరి 36 డాలర్ల పందెం మీద తప్పు ఎత్తు ఖరీదు ఎంత? జవాబు వచ్చే నెల. పిల్లల చేత చేయించి పంపినా అభ్యంతరం లేదు.