పాత గోడలు నిలిచాయి సరే, బతుకులు నిలిచాయా?

శృంగవరపుకోటలో అరకు దారి పక్కన ఒక పాత పెంకుటి వరుస ఉండేది. అందులోని ఒక గదిలో పరుపులు కుట్టే దూదేకుల కుటుంబాన్ని చిన్ననాటి నుంచీ చూస్తూ పెరిగాను. కొన్నేళ్ల క్రితం ఆ వరుసను కూల్చి మూడంతస్తుల దుకాణ సముదాయం కట్టారు. ఊరు బాగుపడిందని అందరూ సంతోషించారు. కొత్త అద్దె భరించలేని ఆ కుటుంబం మాత్రం ఊరి చివరకు చేరింది. దూది ఆరబోసుకునే జాగా, బజారు దగ్గరితనం, తక్కువ అద్దె ఒక్కచోట దొరకబట్టే వారి వృత్తి నడిచింది. ఊరి చివర జాగాకు కొదవ లేదు, బేరాలే రావు.

పట్టణ పునరుద్ధరణ, పాత భవనాల పునర్వినియోగం, సుస్థిరత అనే మాటలు విన్నప్పుడల్లా నాకు ఆ గది గుర్తుకొస్తుంది. పాత కట్టడాన్ని నిలుపుకోవడం పర్యావరణానికి మేలన్నది నిజమే. ఇటుకను కాల్చడానికి, సిమెంటును, ఉక్కును తయారు చేయడానికి అపారమైన ఇంధనం ఖర్చవుతుంది. ఉన్నదాన్ని కూల్చి మళ్లీ కడితే ఆ ఖర్చును రెండోసారి పెట్టినట్టే. అయితే మన నివేదికలు ఈ లెక్కతోనే ఆగిపోతున్నాయి. ఆ గోడల మధ్య బతికినవారు పదేళ్ల తర్వాత కూడా అక్కడే ఉన్నారా అన్నది ఎవరూ లెక్కించరు.

హైదరాబాదులో 1935లో నిర్మించిన మొజంజాహీ మార్కెట్‌ను చూడండి. రేకుల చాటున, తీగల చిక్కులో మరుగునపడిన ఆ రాతి కట్టడాన్ని శుభ్రపరచి 2020 ఆగస్టులో తిరిగి ప్రారంభించారు. అక్కడి పాత ఐస్‌క్రీం దుకాణాలు నేటికీ నడుస్తున్నాయి. సాయంత్రం కుటుంబాలు వచ్చి కూర్చుంటున్నాయి. దాన్ని ప్రదర్శనశాలగా మార్చకుండా మార్కెట్‌గానే ఉంచడం మెచ్చదగిన నిర్ణయం.

ఉస్మానియా ఆసుపత్రి కథ వేరు. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని పునర్నిర్మించిన కాలపు ఆలోచనకు అది ప్రతిరూపం. విన్సెంట్ ఎష్ రూపకల్పనలో, ఏడవ నిజాం కాలంలో, 1925 నాటికి సిద్ధమైంది. కులమతాలతో నిమిత్తం లేకుండా పేదలందరికీ పెద్ద దిక్కయింది. 2015లో దాన్ని కూల్చివేస్తామన్నప్పుడు నిరసనలు వెల్లువెత్తాయి. 2020 జులైలో వాననీరు వార్డుల్లోకి చేరడంతో పాత భవనానికి తాళం పడింది. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. రోగికి మంచి వార్డు దక్కాలనడంలో రెండో మాట లేదు. నా అభ్యంతరం మరొకటి: ఏళ్ల తరబడి కాలువలకూ, పైకప్పుకూ చేయవలసిన మరమ్మతు చేయకుండా వదిలేసి, తర్వాత ‘భవనం పనికిరాదు’ అని ప్రకటించడం ఒక పద్ధతిగా మారింది. 2019లో ఎర్రమంజిల్ కూల్చివేత నిర్ణయాన్ని హైకోర్టు కొట్టివేసింది. కానీ ఏటేటా పైకప్పుకు మరమ్మతు చేయించే పని కోర్టుది కాదు కదా!

మరమ్మతు అనగానే సిమెంటు బస్తా తెప్పించడం మనకు అలవాటైంది. మా ఇంటి పాత సున్నపు గోడకు నేనూ ఆ తప్పే చేశాను. రెండు వానాకాలాలు తిరిగేసరికి పూత బొబ్బలెక్కి ఊడిపోయింది. డంగు సున్నం గోడలోని తేమను బయటికి వదులుతుంది. సిమెంటు ఆ తేమను లోపలే బంధిస్తుంది. బెల్లం, కరక్కాయ కలిపి సున్నాన్ని నలగ్గొట్టే పనివారు నానాటికీ తగ్గిపోతున్నారు. ఈ విషయంలో ప్రభుత్వాన్ని నిందించే ముందు మనల్ని మనం చూసుకోవాలి. గట్టిగా ఉన్న పాత మసీదును కూల్చి టైల్స్ అతికించిన కాంక్రీటు మందిరం కట్టడమే అభివృద్ధి అనుకునే కమిటీలు మనలో లేవా? మసీదును ఆనుకుని ఉన్న వక్ఫ్ గదుల్లో తరాలుగా టైలరింగ్, వెల్డింగ్ చేసుకుంటున్నవారి గురించి ఆ కమిటీలు ఎప్పుడైనా చర్చించాయా?

కైరోలో సుమారు అయిదు శతాబ్దాల చెత్తకుప్పపై, 30 హెక్టార్లలో, ఆగాఖాన్ సంస్థ అల్ అజ్‌హర్ ఉద్యానాన్ని నిర్మించింది. అది 2005లో ప్రారంభమైంది. పక్కనే దర్బ్ అల్ అహ్మర్ అనే పేదల పేట ఉంది. ఉద్యానం అందంతో భూముల ధర పెరిగి పేదలు తరలిపోయే ప్రమాదం కనిపించింది. అందుకే పాత కోటగోడను బాగుచేసే పనితోపాటే పేటవాసుల ఇళ్ల మరమ్మతుకు రుణాలిచ్చారు. అక్కడి యువకులకు వడ్రంగం, రాతిపని నేర్పారు. అంతా సవ్యంగా జరిగిందని నేననను. ప్రశ్న మాత్రం సరైన సమయంలో వేశారు.

మన దగ్గర ఆ ప్రశ్న కూల్చివేత ముగిశాక వస్తోంది. పని మొదలుకాక ముందే అద్దెదారుల జాబితా తయారు కావాలి. పని సాగినంత కాలం వ్యాపారం చేసుకునేందుకు తాత్కాలిక చోటు, తర్వాత భరించగల అద్దెకు తిరిగి వచ్చే హక్కు రాతపూర్వకంగా దక్కాలి. వీధి వ్యాపారులను గుర్తించి, వారి జీవనోపాధిని కాపాడాలని 2014 చట్టం చెబుతోంది. పాత గదుల్లోని చిరువృత్తిదారుకు అంతటి రక్షణ అయినా ఉండవద్దా? ముందుగా వక్ఫ్ గదులున్న ప్రతి మసీదు కమిటీ తన అద్దెదారులను ఈ నెలలోనే కూర్చోబెట్టి, వారి పేర్లు, వృత్తులు, ఎన్నేళ్లుగా ఉంటున్నదీ ఒక పుస్తకంలో రాసుకోవాలి. మా ఊరి పరుపుల దుకాణం పేరు అలాంటి పుస్తకం దేనిలోనూ లేదు.