హిందీ ఖాతాలో పడిన మన గొంతు

2011 జనాభా లెక్కల్లో తమ మాతృభాష లంబాడీ అని చెప్పినవాళ్లు 32 లక్షలకు పైనే. అయినా ఆ లెక్కల్లో లంబాడీ ఒక భాష కాదు. ఆ 32 లక్షల గొంతుల్నీ తీసుకుపోయి హిందీ ఖాతాలో జమ చేశారు. కమ్మర్‌పల్లి దగ్గరి తండాలో పసుపు తవ్వే మన యాడికి హిందీలో నాలుగు మాటలు రావు. ఢిల్లీ లెక్కలో మాత్రం ఆమె హిందీ మనిషి! ఇదేం అన్యాయమని అడిగితే, మీది లిపి లేని భాష కదా అంటారు. లిపి లేకపోతే గొంతు లేనట్టా?

గోర్ బోలి కాగితం మీద బతకలేదు. ఒకరు అంటే ఇంకొకరు అందుకుని బతికించారు. నాయక్ ఇంటి ముందు పంచాయితీ కూర్చుంటే ఒక్కడే మాట్లాడి మిగతావాళ్లు తలలూపుతారా? మధ్యలో అడ్డుపడతారు, తప్పంటారు, పాత సంగతి గుర్తుచేస్తారు. అందుకే మేము అంటున్నాం: మన పాడ్‌కాస్ట్ ఒక చదువుకున్నవాడు గదిలో కూర్చుని చదివే ఉపన్యాసం కావద్దు. తండా ఫోన్ చేసి మాట్లాడేది కావాలి. అప్పటికప్పుడు జరగాలి, రికార్డై తర్వాత కూడా వినపడాలి.

ఇది గాలిమాట కాదు. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర మొదలైంది. మామూలు ఫోన్ నుంచి మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి కాల్ వచ్చేది. ఒక అంకె నొక్కి గోండీలోనో హిందీలోనో తమ గోడు చెప్పుకునేవారు. ఇంకో అంకె నొక్కి ఇతరులది వినేవారు. అది లైవ్ కాదు, కానీ చదువు రాని మనిషి కూడా వార్త చెప్పగలదని చూపింది. మన దగ్గర జహీరాబాద్ పక్కన మాచ్‌నూర్‌లో 2008 నుంచి దళిత మహిళలు తమ యాసలోనే సంఘం రేడియో నడిపారు. తప్పులు పోతాయని ఆగలేదు.

గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా కమ్యూనిటీ రేడియోకు లైసెన్సు కావాలి, టవర్ కావాలి, సొంత వార్తలు చెప్పే హక్కు మాత్రం లేదు. పాడ్‌కాస్ట్‌కు ఆ లైసెన్సు లేదు, టవర్ లేదు. మరి ఎవరి కోసం ఎదురుచూస్తున్నాం?

'ఎవరు పడితే వాళ్లు మాట్లాడితే అది గోల' అని మన చదువుకున్నవాళ్లే అంటున్నారు. టీవీలో నలుగురు పెద్దమనుషులు ఒకేసారి అరిస్తే చర్చ, మన తండాలో నలుగురు మాట్లాడితే గోలనా? 'యూట్యూబ్‌లో మన పాటలు ఉన్నాయి కదా' అని ఇంకొందరు అంటారు. ఉన్నాయి. ఎవరో వచ్చి ముసలమ్మ చేత ఢావలో పాడించుకుని పోతారు. బిడ్డను సాగనంపే ఏడుపు వాళ్ల ఛానెల్‌కు సరుకైతది. పాడిన అమ్మ పేరు ఎక్కడా ఉండదు.

అందుకే పద్ధతి మన చేతిలో ఉండాలి. క్లబ్‌హౌస్, ఎక్స్ స్పేసెస్ లాంటివి స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లకే. బటన్ ఫోన్ ఉన్న యాడి అందులోకి రాలేదు. ఆమెను మామూలు కాన్ఫరెన్స్ కాల్‌లో కలపండి, స్పీకర్ పెట్టి పక్క ఫోన్‌లో రికార్డు చేయండి. రాత్రి తొమ్మిదికి పెట్టుకుంటే సౌదీలో సాయంత్రం ఆరున్నర, దుబాయ్‌లో ఏడున్నర. పని దిగిన మన తమ్ముళ్లు అందుకుంటారు. దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్‌కు ఆంక్షలున్నాయి కాబట్టి వాళ్లు వాయిస్ మెసేజ్ పంపితే కార్యక్రమంలో వినిపించండి. అప్పు సంగతి, ఏజెంటు మోసం, ఇంటి మీద బెంగ వాళ్ల నోటనే రావాలి.

మాట్లాడేముందు 'రికార్డు చేస్తున్నాం, అందరూ వింటారు, నీకు సమ్మతమేనా' అని అడగండి. ఆ జవాబు కూడా రికార్డులో ఉండాలి. లైవ్‌లో నోరు జారితే వెనక్కి తీసుకోలేం. అందుకే ఇంటి గొడవలు, ఆడపిల్లల పేర్లు వస్తే కాల్ పట్టుకున్నవాళ్లు అక్కడే ఆపాలి. తర్వాత పెట్టే రికార్డులోంచి ఆ ముక్క తీసేయాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఫైల్ మన దగ్గర ఉండాలి. స్పాటిఫై తన లైవ్ ఆడియో యాప్‌ను 2023లో మూసేసింది. 2021లో కిటకిటలాడిన క్లబ్‌హౌస్ గదులు ఇప్పుడు ఎన్ని మిగిలాయి? కంపెనీ అంగడి లాంటిది, నేడు ఉంటది, రేపు ఎత్తేస్తది. ప్రతి కార్యక్రమాన్నీ మెమరీ కార్డులో దించి, తేదీ, తండా, మాట్లాడినవాళ్ల పేర్లు రాసి బడిలో ఒకటి, నాయక్ ఇంట్లో ఒకటి దాచండి. పేరు వద్దన్నవాళ్ల పేరు రాయవద్దు.

సార్లూ, మేడములూ, ఒకటో తరగతి పిల్ల 'యాడి' అంటే 'అమ్మ అను' అని దిద్దడం ఇక చాలు. అదే పిల్లతో వాళ్ల నానమ్మకు ఫోన్ చేయించండి. తీజ్ బుట్టల్లో గోధుమలు ఎందుకు మొలకెత్తిస్తారో గోర్ బోలిలో అడగమనండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రీల్స్ చూసే ఫోన్‌ను వారానికి ఒక్క గంట తండాకు ఇవ్వండి. గోండులు, కోలాములు, నాయకపోళ్లు కూడా తమ తమ మాటల్లో ఇదే చేయాలని మా కోరిక.

రేపు మళ్లీ లెక్కలు రాయడానికి వచ్చినవాడు 'ఇది హిందీ కదా' అంటే, వాదన పెట్టుకోకండి. ఫోన్ తీసి యాడి గొంతు వినిపించండి. ఇందులో హిందీ ఎక్కడుందో చూపించమనండి.