శాపం తగిలిన పొలాలు

పిల్లలూ! పచ్చగా గడ్డి ఉండి కూడా ఏ కాపరీ తన మందను తోలని పొలాన్ని మీరెప్పుడైనా చూశారా? నూటయాభై ఏళ్ల కిందట ఫ్రాన్సుదేశంలో, బోస్ అనే ప్రాంతంలో, అటువంటి పొలాలు ఉండేవి. ఉదయం మేతకు పోయిన గొర్రె సాయంత్రానికి తల వేలాడేసి, వణికి, కూలిపోయేది. ముక్కునుంచీ నోటినుంచీ నల్లని నెత్తురు కారేది; అది గడ్డకట్టేది కాదు. ఏళ్ల తరబడి ఆ పొలం వదిలేసి, మళ్లీ మందను తోలినా అదే గతి. రైతులు వాటిని "శాపం తగిలిన పొలాలు" అన్నారు. పాపం, వాళ్లు మాత్రం ఇంకేమనుకుంటారు?

ఈ జబ్బు మనకు కొత్తది కాదు. మన రైతులు దీన్ని దొమ్మ అంటారు, డాక్టర్లు ఆంత్రాక్స్ అంటారు. ఆవులకూ, మేకలకూ, గొర్రెలకూ వస్తుంది. వాటినుంచి మనుషులకూ వస్తుంది.

శాపం గుట్టు సగం విప్పినవాడు రాబర్ట్ కాక్. ఆయన వోల్‌స్టైన్ అనే చిన్న ఊళ్లో వైద్యుడు. ఆ ఊరు అప్పుడు జర్మనీలో ఉండేది, ఇప్పుడు పోలెండులో ఉన్నది. ఆయనకు పెద్ద ప్రయోగశాల ఏమీ లేదు. రోగులను చూడగా మిగిలిన వేళల్లో ఇంట్లోనే మైక్రోస్కోపు ముందు కూచునేవాడు. దొమ్మతో చచ్చిన పశువుల నెత్తుట్లో సన్నని పుల్లల్లాంటివి ఉంటాయని అంతకుముందే కొందరు చూశారు. కాని అవి ప్రాణమున్నవా? జబ్బు తెచ్చేవి అవేనా? కాక్ ఒక ఎద్దు కంటిలోని నీటిని చుక్క తీసుకుని, జబ్బుతో చచ్చిన జంతువు ప్లీహం తునకను అందులో కలిపి, వెచ్చగా ఉంచి, గంటల తరబడి చూశాడు. పుల్లలు సాగి పొడుగాటి దారాలయాయి. తరవాత ఆ దారాలలో మెరిసే గింజలు వరసగా పుట్టాయి, పూసలు గుచ్చినట్టు! దారాలు కరిగిపోయినా పూసలు మిగిలాయి. వాటిని ఎండబెట్టి, మళ్లీ కొత్త కంటినీటిలో వేస్తే పుల్లలు తిరిగి పుట్టుకొచ్చాయి. 1876లో కాక్ ఈ సంగతి వెల్లడించాడు.

ఆ పూసలను శాస్త్రజ్ఞులు సిద్ధబీజాలు అంటారు. పుల్లలు సుకుమారమైనవి, త్వరగా చస్తాయి. సిద్ధబీజం అలా కాదు. గట్టి పెంకులో ముడుచుకుని నిద్రపోతుంది. మరిగే నీటినికూడా కొంతసేపు తట్టుకుంటుంది. మట్టిలో ఎన్నో ఏళ్లు ఊరికే పడి ఉంటుంది. గడ్డితోపాటు గొర్రె నోట్లోకి వెళ్లిందా, నిద్రలేస్తుంది.

మరి గోతిలో పాతిపెట్టిన గొర్రెనుంచి ఈ బీజం పైనున్న గడ్డిమీదికి ఎలా వచ్చింది? ఇది లూయీ పాశ్చర్‌ను వేధించిన ప్రశ్న. ఒకసారి ఆయన షార్త్ర్ పట్నం దగ్గర కోత కోసిన పొలంలో నడుస్తూండగా ఒకచోట మన్ను వేరే రంగులో కనిపించింది. రైతును అడిగితే, అక్కడే దొమ్మతో చచ్చిన గొర్రెలను పాతిపెట్టామన్నాడు. పాశ్చర్ వంగి చూశాడు. నేలంతా వానపాములు విసర్జించిన చిన్నచిన్న మట్టి కుప్పలు! అడుగున ఉన్న మట్టిని తిని పైకి తెచ్చిపోసే ఈ ప్రాణులే బీజాలను మోసుకొస్తున్నాయని ఆయనకు తోచింది. అటువంటి వానపాముల కడుపులోని మట్టిని పరీక్షిస్తే బీజాలు దొరికాయి కూడా. ఇప్పటి శాస్త్రజ్ఞులు వానపాములమీదే నేరమంతా వెయ్యరు. వాననీరూ, నేలను తవ్వటమూ, ఎండాకాలంలో పశువులు గడ్డిని మట్టితోసహా పీక్కు తినటమూ కూడా కారణాలే.

ఇక అసలు సంగతి వినండి. పుల్ల సిద్ధబీజం కావాలంటే దానికి గాలి తగలాలి. చచ్చిన పశువు ఒంట్లో గాలి ఉండదు. దాన్ని కొయ్యకుండా ఉంచితే, కుళ్లబెట్టే ఇతర సూక్ష్మజీవులు లోపలి పుల్లలను కొద్దిరోజుల్లోనే చంపేస్తాయి. కత్తిపెట్టి కోశామా, ఆ నెత్తురుకు గాలి తగిలి, నేలంతా బీజాలే! అందుకే పశువైద్యులు, "హఠాత్తుగా చచ్చిన పశువును కొయ్యవద్దు, తోలు తియ్యవద్దు, మాకు కబురు పెట్టండి," అంటారు. అలాగే ఉంచి కాల్పిస్తారు, లేదా లోతుగా పాతిస్తారు.

చెప్పటం తేలిక. కాని ఉన్న ఒక్క మేకా చచ్చినప్పుడు, ఆ మాంసమైనా దక్కనీ అని పేదవాడు అనుకుంటే అతన్ని ఎలా తప్పుపట్టగలం? విశాఖ మన్యంలో అలా కోసి తిన్నవాళ్లకు ఈ జబ్బు సోకిన సందర్భాలు ఉన్నాయి. ముందు చేతిమీద దురదపెట్టే పొక్కు లేస్తుంది. అది పుండై, నడుమ నల్లని పెచ్చు కడుతుంది. గ్రీకు భాషలో ఆంత్రాక్స్ అంటే బొగ్గు. పేరు అందుకే వచ్చింది. ఆ పుండు నొప్పిపెట్టదు, అదే మోసం! నొప్పి లేదుగదా అని ఊరుకుంటారు. వెంటనే ఆస్పత్రికి వెళితే పెన్సిలిన్‌వంటి మందులతో నయమవుతుంది. బీజాలు కడుపులోకో ఊపిరితిత్తుల్లోకో చేరితే ప్రాణానికే అపాయం.

పశువులకు టీకా ఉన్నది. 1881లో పాశ్చర్ పుయీ-ల-ఫోర్ అనే ఊళ్లో అందరి ఎదుటా 24 గొర్రెలకు టీకా వేసి, మరి 24 గొర్రెలకు వెయ్యకుండా, అన్నిటికీ జబ్బు ఎక్కించాడు. టీకా వేసినవి బతికాయి, వెయ్యని గొర్రెలన్నీ చచ్చాయి. ఇప్పుడు వాడే టీకా 1930ల్లో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ తయారుచేసిన రకం. జబ్బు తగిలే ఊళ్లలో దాన్ని ఏటా వేయించాలి.

సైబీరియాలోని యమాల్ ప్రాంతంలో 1941 తరవాత దొమ్మ కనిపించలేదు. ఇంకెందుకని 2007లో అక్కడి రెయిండీర్లకు టీకాలు మానేశారు. 2016 వేసవిలో ఎన్నడూ లేని ఎండ కాసింది. మంచుగడ్డై ఉన్న నేల కరిగి, పాత బీజాలు బయటపడ్డాయని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. 2,000కు పైగా రెయిండీర్లు చచ్చిపోయాయి. పన్నెండేళ్ల కుర్రవాడొకడు కూడా చనిపోయాడు. ఆ తరవాత అక్కడ మళ్లీ టీకాలు మొదలుపెట్టారు.