శునకఋణము

మధుమేహ చికిత్సకై శునకములపై జరుగు పరిశోధనలను గూర్చి రెండు వాదములు వినబడుచున్నవి. మూగజీవులను ముట్టుటయే పాపమని యొక పక్షము. మానవరక్షణకై కుక్కల నెన్నింటినైనను బలి యీయవచ్చునని వేఱొక పక్షము. ఈ రెండును మాకు సమ్మతములు కావు.

1889లో స్ట్రాస్‌బర్గు నగరమున మింకౌస్కీ, మేరింగు అను వైద్యులు కుక్క క్లోమమును తొలగింపగా దానికి మధుమేహము కలిగెను. వ్యాధికిని క్లోమమునకును గల సంబంధ మట్లు తేటపడెను. 1921లో టొరాంటోలో బాంటింగు, బెస్టు అనువారు క్లోమము తీసిన కుక్కలకు క్లోమసారము నెక్కించి రక్తమందలి చక్కెరను తగ్గించిరి. వానిలో మార్జొరీ యను కుక్క సుమారు 70 దినములు జీవించెను. 1922 జనవరిలో, కాలిప్ శుద్ధిచేసిన యా సారమే 14 ఏండ్ల బాలుని ప్రాణము నిలిపెను. 1923లో నోబెల్ బహుమానము మనుష్యులకు వచ్చెను. కుక్కలకు వచ్చిన దేమి?

ఇన్సులిన్ సూదితో బ్రతుకుచు, పరిశోధన యంతయు పాపమని యుపన్యసించువారు ఈ చరిత్రమును మఱవరాదు. 1982 నుండి సూక్ష్మజీవులచే జేయించిన ఇన్సులిన్ వాడుకలోనికి వచ్చినను, దారి చూపినవి యా కుక్కలే.

అట్లని అప్పు తీర్పక మఱల అప్పు చేయుట న్యాయమా? 2013లో బార్సిలోనా పరిశోధకులు, మందులచే మధుమేహము కల్పించిన కుక్కలకు జన్యుచికిత్స చేసి, నాలుగేండ్లకు పైగా వ్యాధి నణచిన వార్తను ప్రకటించిరి. కార్యము ఘనమే. కాని రోగమును కల్పించి కుదుర్చుటకంటె, ఉన్న రోగమును కుదుర్చుట మేలు గాదా?

ఇండ్లలో పెరుగు కుక్కలకు మధుమేహము తనంత వచ్చుచున్నది. వానిలో పెక్కింటికి ఇన్సులిన్ లేక జీవనము లేదు. పెక్కింటికి శుక్లములు కమ్మి చూపు పోవును. అవి మన గాలినే పీల్చుచు మనతోడనే వృద్ధములగుచున్నవి. వాని యాయువు కొద్దిది గనుక చికిత్సాఫలము శీఘ్రముగ దెలియును. క్రొత్త చికిత్సలను ముందు వీనియందే పరీక్షింపవలెనని మా వాదము. కుదిరినచో కుక్కకు ఆరోగ్యము, మనకు జ్ఞానము.

యజమాని యంగీకారము కుక్క యంగీకారము కాదందురు. నిజమే. కావుననే మేము నియమములు కోరుచున్నాము: తెలిసిన చికిత్సను మాన్పింపరాదు, బాధ మిక్కుటమైనచో పరీక్ష నాపవలెను, ఫలించిన మందు కుక్కలకును దొరకవలెను, పరిశోధకుని యెదుట దాని పక్షమున మాటలాడు వైద్యు డొకడుండవలెను.

ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గమున కేగనొల్లడయ్యెను. దాని వెంబడి నడచి ఆరోగ్యమును బొందిన మనము, దానిని వాకిటనే విడిచి తలుపు మూసికొనుట తగునా?