జాబితా దగ్గరే జారిపోయే ఓటు

కోలారు జిల్లా జనం ఓటు వేయడానికి బద్ధకిస్తారన్న మాట లెక్కలకు నిలవదు. 2024 ఏప్రిల్ 26న లోక్‌సభ ఎన్నికల్లో కోలారు నియోజకవర్గంలో సుమారు 78 శాతం పోలింగు జరగగా, అదే రోజు ఓటు వేసిన బెంగళూరు దక్షిణ నియోజకవర్గం 53 శాతం దగ్గరే ఆగిపోయింది. అయినా ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఈ జిల్లాలోనూ ర్యాలీలు, ప్రతిజ్ఞలు, ముగ్గుల పోటీలు యథావిధిగా సాగుతాయి. ఎవరి బ్యానర్ కింద వారు, ఎవరి ఫొటో వారు అన్నట్టుగా సంస్థలు పడే ఆ శ్రమలో ఎక్కువ పాలు, ఎలాగూ ఓటు వేయబోయేవారికే ఓటు వేయమని చెప్పడానికి ఖర్చవుతుంది. పోలింగు శాతమంటే జాబితాలో ఉన్నవారిలో ఎందరు ఓటు వేశారన్న లెక్క మాత్రమే కనుక, జాబితాకే ఎక్కనివారు ఆ శాతంలో ఎక్కడా కనిపించరు. ఊరు విడిచినవారి పేర్లు, చనిపోయినవారి పేర్లు జాబితాలో మిగిలిపోతే శాతం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. స్వచ్ఛంద సంస్థలు కలిసి చేయదగిన అసలు పని ఈ జాబితా దగ్గరే ఉంది.

కోలారు బంగారు గనుల (కె.జి.ఎఫ్.) ప్రాంతంలో ఈ సంగతి మరింత స్పష్టంగా తెలుస్తుంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ చేతికి వచ్చి, తరువాతి కాలంలో కేంద్ర ప్రభుత్వ సంస్థయిన భారత్ గోల్డ్ మైన్స్ కిందికి మారిన ఈ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. కాని కార్మికుల కోసం వరుసలుగా కట్టిన ఇళ్లలో, అంటే అక్కడివారు ‘లైన్లు’ అని పిలుచుకునే బస్తీలలో, జనం మిగిలిపోయారు. ఇంటి యజమానిగా చూపడానికి పత్రం లేని కుటుంబాలు అక్కడ తక్కువేమీ కావు. బతుకుతెరువు బెంగళూరుకు మారింది కనుక, మారికుప్పం నుంచి ఛాంపియన్, ఊరుగాం, కోరమాండల్ స్టేషన్ల మీదుగా బంగారుపేట చేరే బండ్లలో తెల్లవారకముందే బయలుదేరి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవారు వేలల్లో ఉన్నారు. జాబితా సరిచూసే బూత్ స్థాయి అధికారి, అంటే తరచుగా అంగన్‌వాడీ టీచరో పాఠశాల ఉపాధ్యాయుడో, పగటిపూట ఇంటింటికీ తిరిగినప్పుడు ఆ ఇళ్లకు తాళం ఉంటుంది. పక్కింటివారు ‘బెంగళూరులో ఉంటారు’ అన్న ఒక్క మాటతో ఆ పేరు పక్కన ‘వలస’ అని నమోదయ్యే ప్రమాదం ఉంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 19వ విభాగం ప్రకారం ‘సాధారణ నివాసి’ అయినవారికే ఓటు నమోదు హక్కు ఉన్నా, తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన ఆ నివాసం పోదని అదే చట్టం 20వ విభాగం చెబుతుంది. ఈ సంగతి తెలిసిన ఒక్క మనిషి ఆ లైనులో ఉంటే చాలా పేర్లు నిలుస్తాయి.

పేర్ల చిక్కు వేరు. తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ కలగలిసి వినిపించే ఈ గనుల పట్టణంలో పేరు ఒక భాషలో పలికి, మరో లిపిలో రాసి, మూడో లిపిలో టైపు చేయడం మామూలే. తమిళ కుటుంబంలో తండ్రి పేరు ఒక పొడి అక్షరమై ముందు నిలిస్తే, తెలుగు కుటుంబంలో ఆ స్థానం ఇంటిపేరుది, గోవిందన్ ఒక కార్డులో ‘గ’తోనూ మరో కార్డులో ‘క’తోనూ దర్శనమిస్తాడు, మునెమ్మ రేషన్ కార్డులో మునియమ్మ అవుతుంది. సవరణకు 8వ నమూనా ఫారం ఉంది, ఇల్లు మారినవారు నింపవలసిందీ అదే. అయితే తప్పు ఉన్నట్టు పోలింగు నాటికి గాని తెలియనివారికి ఆ ఫారం ఉన్నా లేనట్టే.

ఈ ప్రాంతపు ఓటరు అమాయకుడని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కమ్యూనిస్టులను, అంబేడ్కర్ భావధారకు చెందిన రిపబ్లికన్ పార్టీ నాయకులను, కర్ణాటకలో ఉంటూనే అన్నాడీఎంకే అభ్యర్థిని కూడా శాసనసభకు పంపిన నియోజకవర్గమిది. కార్మికుల వేలిముద్రలు తీసుకుని నమోదు చేయాలన్న యాజమాన్యపు ప్రయత్నాన్ని ఎదిరించి 1930లో ఇక్కడి గని కార్మికులు పెద్ద సమ్మె చేశారు. ఇక 2009లో కోలారు పట్టణంలో సూక్ష్మ రుణ సంస్థల వాయిదాలు కట్టబోమని అప్పు తీసుకున్నవారు మూకుమ్మడిగా ఎదురు తిరిగిన ఉదంతం బ్యాంకింగ్ చర్చల్లో ఇప్పటికీ ప్రస్తావనకు వస్తుంది. చేతిలో ఫారం పట్టుకుని గుమ్మంలో నిలబడిన అపరిచితుణ్ణి ఈ జిల్లా అనుమానంగా చూస్తే, ఆ అనుమానానికి చరిత్ర ఉంది.

ఆ అనుమానాన్ని పెంచిన పని ఒక ట్రస్టు పేరు మీదనే బయటపడటం స్వచ్ఛంద రంగం మరచిపోకూడని విషయం. ఓటరు చైతన్యం కోసమని బెంగళూరు మహానగర పాలిక అనుమతి పొందిన ‘చిలుమె’ అనే సంస్థ, తన మనుషులను ప్రభుత్వ సిబ్బందిగా చూపించి ఓటర్ల వివరాలు సేకరించిందని 2022 నవంబరులో ఆరోపణలు రావడంతో అనుమతి రద్దయింది. ఎన్నికల సంఘం అధికారులను సస్పెండ్ చేయించి, మూడు నియోజకవర్గాల జాబితాలను తిరిగి పరిశీలించమని ఆదేశించింది. ఆ తరువాత కలబురగి జిల్లా ఆళందలో పేర్ల తొలగింపు కోసం, అంటే 7వ నమూనా ఫారంతో, ఆరు వేలకు పైగా ఆన్‌లైన్ దరఖాస్తులు రాగా, విచారణలో సరైనవిగా తేలినవి 24 మాత్రమే. ఒకచోట చైతన్యం ముసుగు, మరోచోట ఫారాల దుర్వినియోగం. ఈ రెండు ఉదంతాల తరువాత ఏ సంస్థ అయినా ఒంటరిగా, ఎవరికీ జవాబు చెప్పని పద్ధతిలో ఓటరు ఇంటికి వెళ్లడం అనుచితమనే చెప్పాలి. సంస్థలు కలిసి పనిచేయవలసిన మొదటి కారణం శక్తి చాలకపోవడం కాదు, ఒకదానిపై ఒకటి కన్నేసి ఉంచవలసి రావడం.

జాబితా భాగాలుగా విడిపోయి ఉంటుంది. ఒక్కో పోలింగు కేంద్రానికి ఒక భాగం. సంస్థల మధ్య పని పంపకం వార్డుల వారీగానో కులాల వారీగానో కాక, ఈ భాగాల వారీగా జరిగితే ఒకే ఇంటికి ముగ్గురు వెళ్లి నాలుగో ఇంటిని మరచిపోవడం తప్పుతుంది. ఎవరికి ఏ గడప తెలుసో వారికి ఆ భాగం దక్కాలి: ఛాంపియన్ రీఫ్స్ లైన్లలో చర్చి సంఘాలకు, మాజీ గని కార్మికుల సంఘాలకు ఉన్న చనువు బెంగళూరు నుంచి దిగిన పెద్ద సంస్థకు ఉండదు; శ్రీనివాసపురం, ముళబాగిలు తాలూకాల తెలుగు పల్లెల్లో స్త్రీశక్తి సంఘాల సమావేశం ఏ సభ కన్నా బలమైన వేదిక. 1980ల మధ్యలో మైరాడా సంస్థ కర్ణాటక పల్లెల్లో పెంచిన స్వయం సహాయక సంఘాల పద్ధతి, అప్పటి ఉమ్మడి కోలారు జిల్లాలోని బాగేపల్లిలో 1977 చివర మొదలైన ఏడాట్స్ సంస్థ చేయూతతో ఎదిగిన కూలీ సంఘాలు, పరిచయమున్న మనుషులే ఒకరినొకరు కదిలించగలరని ఏనాడో చూపాయి. అమెరికాలోని న్యూహేవెన్ పట్టణంలో 1998లో అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ అనే పరిశోధకులు జరిపిన ప్రయోగంలో కూడా, ఇంటికి వెళ్లి ముఖాముఖి అడిగినప్పుడు పోలింగు బాగా పెరిగిందని, ఉత్తరాల ప్రభావం స్వల్పమని, ఫోను పిలుపులు పనిచేయలేదని తేలింది.

చేతులు కలపడానికి చట్టం గీసిన గీతలు రెండున్నాయి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం, విదేశీ నిధులు పొందిన సంస్థ వాటిని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. కనుక పెద్ద సంస్థ డబ్బు పంచగా చిన్న సంస్థలు పని చేసే పాత పద్ధతి ఆ నిధులతో సాగదు, స్థానిక చందాలు, మనుషుల సమయం మీదే కూటమి నిలబడాలి. రెండోది, ఒక వ్యక్తి గాని సంస్థ గాని మూటగట్టి తెచ్చిన దరఖాస్తులను ఎన్నికల యంత్రాంగం అంగీకరించదు. దీన్ని అడ్డంకి అనుకోనక్కరలేదు. సంస్థ ఫారం నింపి పట్టుకెళ్లడం మాని, ఓటరు తానే దరఖాస్తు పెట్టుకునేలా పక్కన కూర్చోవలసి రావడం ‘చిలుమె’ వంటి ఉదంతాలు రేపిన అనుమానానికి మంచి విరుగుడు.

పనికి కాలపట్టిక కూడా వేరుగా ఉండాలి. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల మొదటి తేదీలు నాలుగూ వయసు లెక్కకు ప్రమాణ తేదీలయ్యాయి, 17 ఏళ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంటే కళాశాలలకు వెళ్లవలసింది ఎన్నికల నెలలో కాదు, చదువు మొదలైన నెలలోనే. గని ధూళి ఊపిరితిత్తులను గట్టిపరచే సిలికోసిస్‌తో మంచం పట్టిన పాత కార్మికులలో 85 ఏళ్లు దాటినవారు, 40 శాతం వైకల్యం ధ్రువపడినవారు ఇంటి నుంచే ఓటు వేయవచ్చు గాని, అందుకు 12డి ఫారం నోటిఫికేషన్ వెలువడిన ఐదు రోజుల లోపల చేరాలి. ఆ ఐదు రోజుల్లో కొత్తగా మనుషులను వెతకడం అయ్యే పని కాదు, పేర్లు ముందే తెలిసి ఉండాలి. ఇక రైలెక్కి వెళ్లే కూలీల విషయంలో పని బెంగళూరులో ఉంది. పోలింగు రోజున వేతనంతో కూడిన సెలవు దినకూలీకి కూడా ఇవ్వాలని 1951 చట్టం 135బి విభాగం చెబుతుంది. కాని ఉల్లంఘించిన యజమానికి పడే జరిమానా 500 రూపాయలకు మించదు కనుక, ఆ అంకెకు జడిసి సెలవిచ్చే గుత్తేదారు ఉంటాడని ఆశించడం దండగ. కె.జి.ఎఫ్. సంఘాలు బెంగళూరులోని గార్మెంట్, నిర్మాణ కార్మిక సంఘాలతో ముందే మాట్లాడుకుని, సెలవు నోటీసు పనిస్థలంలో అంటించారో లేదో చూసుకోవలసి ఉంటుంది.

ఇదే జిల్లాలోని మాలూరులో 2023 శాసనసభ ఎన్నికల ఫలితం 248 ఓట్ల తేడాతో తేలింది, కోర్టు దాకా వెళ్లింది. అంత తక్కువ తేడాలున్న చోట ఏ సంస్థ ఏ ఇంటికి వెళ్లిందన్నది పార్టీలకు ఆసక్తికరమైన సమాచారమవుతుంది కాబట్టి, కూటమిలో చేరే ప్రతి సంస్థ ముందుగా సంతకం చేయవలసిన ఒప్పందం ఒకటుంది: పార్టీ పదవుల్లో ఉన్నవారు ఇళ్లకు వెళ్లరాదు, ఓటరు ఫోను నంబరు గాని ఆధార్ వివరం గాని రాసుకోరాదు, పుస్తకంలో ఉండవలసింది జాబితా భాగం, వరుస సంఖ్య, దరఖాస్తు పెట్టిన తేదీ మాత్రమే, ఆ పుస్తకాన్ని బూత్ స్థాయి అధికారితో పాటు ఏ పార్టీ ఏజెంటు అడిగినా ఒకే రీతిగా చూపించాలి, తుది జాబితా వెలువడి సరిచూసుకున్న తరువాత అందరి ఎదుట చించివేయాలి.