పాత కంప్యూటరును పారవేయకముందు

సంఘపు సొమ్ము సభ్యుల సొమ్ము. అందొక్క రూపాయి వెచ్చింపవలసి వచ్చినను, ఆ ఖర్చు అవసరమా యని ప్రశ్నించుట పాలకవర్గమునకు విధి. ఎరువుల కొనుగోలునందును, గిడ్డంగి మరమ్మతునందును మన మీ ప్రశ్న వేయుచునే యున్నాము. కంప్యూటరు మాట వచ్చినపుడు మాత్రము, తెలిసినవారు చెప్పిరిగదా యని తలయూపి సంతకము చేయుచున్నాము. ఈ యలవాటు మంచిది కాదని నా యభిప్రాయము.

ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరుల కెక్కించుటకై కేంద్ర ప్రభుత్వము 2022 వ సంవత్సరమున 63,000 సంఘములకు వర్తించు పథకమొకటి, 2,516 కోట్ల రూపాయల యంచనాతో ఆమోదించెను. కావున కంప్యూటరు ఇకమీదట బీరువావలె, త్రాసువలె సంఘమునకు నిత్యోపకరణము. దానిని గూర్చి తెలిసికొనుట సభ్యులకు విధాయకము.

కంప్యూటరు తెర, మీటలపలక, అచ్చుయంత్రము మున్నగు వానినన్నిటిని నడపు మూలవ్యవస్థకు ఆపరేటింగు సిస్టమని పేరు. అధిక ప్రచారముగల విండోసు 10 అను వ్యవస్థకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14 వ తేదీతో ముగిసినది. దాని తరువాతిదగు విండోసు 11 నడచుటకు కనీసము 4 గిగాబైట్ల జ్ఞాపకశక్తియు, 64 గిగాబైట్ల నిల్వస్థలమును, టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనమును ఉండవలెనని నియమము. ఇవి లేని పాత యంత్రములు చెడిపోయినవి కావు. వానిపై మోపదలచిన బరువు పెరిగినది. అట్లని మద్దతు తీరిన వ్యవస్థతోనే ఇంటర్నెట్టునకు కలిపి వాడుటయు తగదు. అందు సభ్యుల ఆధారు సంఖ్యలు, బాకీల వివరములు ఉండును గదా!

మనము కాడిని ఎద్దుల మెడకు తగినట్లు చెక్కించుకొందుము గాని, కాడికి తగిన ఎద్దులను సంతలో వెదకము. కంప్యూటరు విషయమునను ఈ న్యాయమే చెల్లవలెను. అట్లు యంత్రమునకు తగినట్లు చెక్కుకొనదగిన తేలికపాటి వ్యవస్థలు గలవు. ఫిన్లాండు దేశమున విద్యార్థిగా నుండిన లీనస్ టోర్వాల్డ్స్ 1991 లో ప్రారంభించిన లినక్సు వానికి మూలము.

వానిలో మిక్కిలి చిన్నవాటి కొక యుదాహరణము టైనీ కోర్ లినక్సు. రాబర్ట్ షింగిల్‌డెకర్ దీనికి ఆద్యుడు. 2009 లో మొదటి వెలువరింపు జరిగినది. తెరపై బొమ్మలతో నడచు రూపమంతయు సుమారు 23 మెగాబైట్లు మాత్రమే. అందు అలంకారములు లేవు. ఉత్తరము వ్రాయు సాధనముకాని, ఇంటర్నెట్టు చూచు సాధనముకాని ముందుగా నమర్చబడి యుండదు. కావలసినది కావలసినవాడే తెచ్చి చేర్చుకొనవలెను. ఖాళీ పొలమిచ్చి, ఏ పైరు వేయుదువో నీ యిష్టమన్నట్లు.

ఇంత మాత్రమున ప్రతి సంఘమును దీనినే పెట్టుకొనవలెనని నే ననను. తెలుగు లిపితో సహా సమస్తమును చేర్చుకొను నేర్పు మన గుమాస్తాల కందరికి నుండదు. దినవారీ పనికి డెబియన్ వంటి పెద్ద వ్యవస్థను తీసికొని, దానిపై ఎక్స్‌ఎఫ్‌సీయీ యను తేలికపాటి తెరను మాత్రము పెట్టుకొనుట సుకరము. మరియొక హెచ్చరిక: వ్యవస్థ యెంత తేలికయైనను, నేటి వెబ్‌సైట్లు బరువైనవే. ఒకేసారి పది పుటలు తెరచినచో పాత యంత్రము రొప్పక మానదు.

“ఉచితముగా వచ్చినది నిలుచునా?” అని కొంద రాక్షేపింతురు. ఇది దానము కాదు. అనేకులు తలకొక పని చేసి, ఫలమును అందరికి తెరచి యుంచిన పద్ధతి. ఎవరైనను వాడవచ్చును, మార్చవచ్చును, పొరుగువాని కీయవచ్చును. సహకారమను మాటకు అర్థము తెలిసిన మనకు ఇది వింత కారాదు. “చెడినచో బాగుచేయువా రెవరు?” అను రెండవ యాక్షేపణ మాత్రము బలమైనది. వ్యవస్థకు వెల లేదు గాని, నేర్చుకొనుటకు శ్రమ గలదు. పది సంఘములు కలిసి యొక యువకునికి శిక్షణ యిప్పించినచో ఈ చిక్కు చాలవరకు తీరును.

కావున నా సూచన యిది. పథకముక్రింద లెక్కలు నడచు యంత్రమును పై యధికారుల యనుమతి లేక ముట్టరాదు. మూలనున్న పాత యంత్రమునందలి వివరములను మొదట రెండుచోట్ల భద్రపరచవలెను. పిదప క్రొత్త వ్యవస్థను యు.ఎస్.బి. పుల్లపై నెక్కించి, యంత్రములోనిది చెరుపకయే నడపి చూడవలెను. అచ్చుయంత్రము, వేలిముద్ర సాధనము పనిచేయుచున్నవో లేదో పరీక్షించి, పనిచేసిననే స్థిరపరచవలెను. నోటీసులు, ఉత్తరములు, ధరవరలు, వాతావరణ సూచనలు — వీని కాయంత్రము చాలును. చాలనిచో క్రొత్తది కొనుడు; అపుడా ఖర్చునకు కారణముండును.

రాబోవు మహాజనసభలో కంప్యూటరు కొనుగోలు తీర్మానము వచ్చినపుడు, “పాతదానిని పరీక్షించితిరా?” అని యొక్క సభ్యుడైనను లేచి యడుగవలెనని నా కోరిక.